పెదవులకి అతకని ఊపిరి

కె.కె. నగర్ శివన్ పార్కు, ఐదున్నర.
రాత్రి వాన ఇంకా బెంచీల మీదే కూర్చునుంది.
అందరూ చాపలు తెచ్చుకున్నారు,
నేను పాత ఫ్లెక్సీ ముక్క పరిచాను.
దాని మీద ఎవరింటి చెవులుకుట్టే పండగో, సగం చిరునవ్వు.

దేశికామణి గారు బస్సు కండక్టరుగా రిటైరయ్యారు.
విజిలు మాత్రం డిపోలో అప్పజెప్పలేదు.
ఒకటి కొడితే వంగాలి, రెండు కొడితే లేవాలి.

వంగాను.
తొడ వెనక నరం, ఎండకి బిర్రబిగిసిన దండెంలా.
చేతివేళ్ళకీ కాలి బొటనవేలికీ మధ్య జానెడు దూరం.
"మూచ్చు విడుంగమ్మా" అన్నారు దగ్గరికొచ్చి.
మన దగ్గర ఊపిరి విడిచిందంటే
ఇంటి ముందు జనం పోగవుతారు.
విడిచాననే అనుకున్నాను.
"లేదు, బిగబట్టారు. మెడ చూస్తే తెలీదూ?
ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళకి ఇలాగే ఉంటుంది."

నిజమే. ఇరవయ్యారేళ్ళుగా నా ఉద్యోగం అదే.
వడపళనిలో, గోడలకి గుడ్డ అంటించిన చల్లటి గదిలో
తెర మీద ఎవరో అమ్మాయి పెదవి కదిలేదాకా
ఊపిరి బిగబట్టి నిలబడటం.
ఆవిడ పరిగెడితే నేను రొప్పాలి.
ఆవిడ పోతుంటే ఎగశ్వాస నాది.
ఒక సీరియల్లో ఒకే మనిషికి
మూడుసార్లు ప్రాణం పోసి రెండుసార్లు తీశాను.
నా సొంత గాలి కాస్త మైకుకి తగిలిందా,
"వన్ మోర్ అండీ, బ్రెత్ పడింది" అంటాడు గిల్బర్టు.
పాలలో ఈగ పడ్డట్టు.

పడకుండా దాచిందంతా ఎక్కడికి పోతుంది మరి?
తుంటిలో చేరిందేమో.

ఆయన జేబులోంచి ఇంకో విజిలు తీశారు.
"కొత్తదే, కడిగాను. నోట పెట్టుకుని వంగండి.
మోగితే తొందరపడ్డట్టు.
లోపలి గింజ మాత్రం కదలాలి."

ముక్కుతో తీసుకున్నాను:
తడి మట్టి, ఎదురు హోటల్లో మొదటి వాయి ఇడ్లీ ఆవిరి.
వంగుతూ వదిలాను.
గింజ కదిలింది.
నరం కాసేపు బెట్టు చేసి
రెండు వేళ్ళ మేర ఒప్పుకుంది.
జానెడు కాస్తా బెత్తెడయింది.

ఇంకా వస్తూనే ఉంది. ఇంత గాలి లోపలెక్కడుందో!
చివర్న ఏదో శబ్దం. ఏడుపు కాదు, మూలుగు కాదు,
ఏ సీనుకీ పనికిరాదు.
పక్క చాప మీది నాచ్చియార్ ఫక్కున నవ్వింది.
ఎవరూ వన్ మోర్ అనలేదు.

పదింటికి రికార్డింగు.
హీరోయిన్‌కి అమ్మ, ఇంటర్వెల్ లోపే గుండెపోటు.
విజిలు తిరిగివ్వడం మరిచిపోయాను.
బస్సు గోతిలో పడ్డప్పుడల్లా
సంచీలో ఆ గింజ చప్పుడు.