పల్లం వైపు

డాల్బీ అంటే మావాళ్లు సినిమాహాలనుకుంటారు.
కాదు, క్వీన్స్‌లాండ్‌లో ఓ పత్తి ఊరు.
ఊరి చివర వాగు, వాగు పక్కన క్రికెట్ మైదానం.
రేకుల పెవిలియన్, రంగు రాలే కర్ర కంచె,
పొద్దున్నే మిడాఫ్‌లో గడ్డిగింజలు ఏరుకునే
గులాబీ రొమ్ముల గలా చిలుకలు.

కౌన్సిల్ నన్ను పంపింది, లెవెల్ మిషనిచ్చి.
ఇక్కడ స్టేడియం లేస్తుందట:
నాలుగు దీపస్తంభాలు, ఇన్నిన్ని వేల కుర్చీలు.
ఊరు ఊరంతా వచ్చినా,
శ్మశానంలో వాళ్లని లేపుకొచ్చినా
ఓ రెండు వరుసలు మిగిలిపోతాయి.

పొక్లెయిన్ మొదటి పంటి గాటు పెట్టగానే
పెన్ను జేబులో పెట్టేశాను.
నల్లరేగడి.
ఎండలో మడమలా పగిలి
వానలో చెప్పు ఊడబెరికే నేల.
దీని గుణం నాకొకరు చెప్పక్కర్లేదు.
పిచ్‌కి ఇదే ప్రాణం, పునాదికి ఇదే శని.
రిపోర్టులో రెండో మాటే రాశాను.

స్కోరుబోర్డు గది మెట్లు
ఒక్కొక్కటే దిగొచ్చింది బెరిల్ ప్యాస్కో.
నలభై ఒక్క ఏళ్లుగా రేకు అంకెలు తగిలిస్తోంది.
ఆరు అరిగిపోతే తొమ్మిదిని తలకిందులు చేస్తుంది.
సున్నాలే ఎక్కువ ఖర్చయ్యాయంది,
"అంతా మా కుర్రాళ్ల పుణ్యం."
పాతదాని మీద బెంగేమీ లేదు ఆమెకి.
"పెట్టుకోండి మీ వెలుగుల తెర,
నా మోకాళ్లు దణ్ణం పెడతాయి."
అడిగింది ఒక్కటే:
"వాగు వైపు ఆ వాలు ఉంచుతారా?"

ఆ మూలకి వెళ్లిన బంతి ఆగదట.
బక్క పిల్లాడు తోసినా,
ఆదివారం మటుకే ఆడే మందులషాపాయన తోసినా
చివరి పది గజాలూ నేలే మోసుకెళ్లేదట.
"మా డెస్ కొట్టిన ఫోర్లన్నీ అక్కడివే.
ఆయనకి చేతనైన కవర్ డ్రైవ్
ఈ వాలొక్కటే."

ప్లానులో వాలు లేదు.
బ్రిస్బేన్‌లో ఎవరో గీసిన మైదానం
కడిగి బోర్లించిన కంచంలా ఉంది.

ఆ రాత్రి మోటెల్‌లో, ఫ్రిజ్ మూలుగుతుంటే,
కాగితం ముందేసుకు కూర్చున్నాను.
నీరు పల్లమెరుగు.
అంతకన్నా గట్టి ఇంజనీరింగు
నాకే కాలేజీ నేర్పలేదు.
డ్రెయినేజీ గడిలో రాశాను:
వాగు దిక్కుకి, నూటికి ఒకటి.
కారణం: వరద.
అబద్ధం కాదు.
నిజం మొత్తమూ కాదు.
ముగ్గురు సంతకం పెట్టారు, ఒక్కరూ అడగలేదు.

దీపాలు వెలిగిన మొదటి రాత్రి
కుర్చీలు సగం ఖాళీ,
పురుగులకి మాత్రం హౌస్‌ఫుల్.
పెద్ద తెర మీద అంకెలు
మనిషి చెయ్యి లేకుండా మారుతున్నాయి.
పదకొండో నంబరు కుర్రాడు
కళ్లు మూసుకుని బ్యాటు ఊపాడు.
అంచు తాకి బంతి వాగు వైపు నడిచింది,
ఆగబోయింది,
ఏదో గుర్తొచ్చినట్టు
మళ్లీ కదిలింది.

నా వెనక వరుసలో రేకు చప్పుడు.
బెరిల్ సంచిలోంచి పాత నాలుగు తీసి
రెండు చేతులా పైకెత్తింది.
తెర ఇంకా
ఆలోచిస్తోంది.