నాలుగు వేల నాలుగొందల మీటర్ల దగ్గర

ఒరూరో ఊరి చివర, రైలు పట్టాల పక్క,
మా మేనమామ సెనోబియో షెడ్డులోకి
ప్రిమితీవా తన బండిని తోసుకుంటూ వచ్చింది.
బండి పేరు సమురాయ్.
కత్తి లేదు, ఉన్న ఊపిరీ సగమే.
వెనక సీటు పీకేసిన చోట
ఆరు వందల రొట్టెలు పట్టే బుట్టలు.
తలుపు తీస్తే గ్రీజు వాసన మీద పిండి వాసన.

గనివాళ్ల కాలనీ నాలుగు వేల నాలుగొందల మీటర్ల ఎత్తున.
అక్కడ మనిషికే గాలి చాలదు,
ముప్పై ఏళ్ల కార్బురేటర్‌కి ఏం చాలుతుంది?
ఆఖరి మలుపులో తల ప్రాణం తోకకొచ్చి
నల్లగా దగ్గి ఆగిపోతుందట.
ఆమె దిగి చక్రం కింద రాయి పెట్టి
రేడియేటర్‌కి నీళ్లు, కంపెనీకి తిట్లు పోసి
మళ్లీ ఎక్కుతుందట.
రొట్టెలు చేరేసరికి చెక్కలు.

"ఇంజను మార్చాలి" అంది.
"నా దగ్గర ఇంతే" అని నోటుబుక్కు తెరిచింది.
పెన్సిల్ అంకె.
రెండుసార్లు చెరిపి, మరింత చిన్నదిగా రాసిన అంకె.

మామ ముందు జర్మన్ డీజిల్ చూపించాడు,
ఎవరిదో గోల్ఫ్ కారులోంచి దించింది.
ధర విని ఆమె ముఖం విప్పారింది.
అప్పుడు మిగతాది చెప్పాడు.
మన గేర్‌బాక్సుకి అతకాలంటే మధ్యలో ఒక ఇనప పలక కావాలి,
ఆ పలక ఇంజనుకన్నా ప్రియం.
గుర్రం చవకే,
జీను కొనడానికి పొలం అమ్మాలి.
పైగా మన చలికి డీజిల్ మైనంలా గడ్డకడుతుంది.

టొయోటా అన్నమాట నేనే అన్నాను.
పదిహేడేళ్లవాణ్ణి, పెద్ద ఇంజన్లంటే పిచ్చి.
మామ నావైపు చూడనైనా లేదు:
"మేకకి ఎద్దు గుండె పెడితే
పక్కటెముకలు ఏమైపోవాలిరా?"

ఆమె ఒక్కటే అడిగింది.
"రాత్రి మూడింటికి, మైనస్ పద్నాలుగులో,
నక్క కూడా రాని చోట ఆగిపోతే
నా దగ్గరున్న నాలుగు రెంచీలతో
దేన్ని లేపగలను?"
కాసేపు షెడ్డులో కంప్రెసర్ ఒక్కటే మాట్లాడింది.

మర్నాడు ముగ్గురం పాత ఇనుము యార్డుకి వెళ్లాం.
పల్టీ కొట్టిన వితారా ఒకటి,
పైకప్పు సీట్లకి అంటుకుపోయి, ఇంజను మాత్రం నవ్వుతూ.
పదహారు వందల సీసీ.
అదే కంపెనీ, అదే వంశం, అవే బోల్టు రంధ్రాలు.
అన్న చొక్కా తమ్ముడికి,
చేతులు కాస్త మడిస్తే చాలు.
కార్బురేటర్ లేదు. గాలి ఎంత పల్చనో కొలిచి
పెట్రోలు అంతే పోసే చిన్న పెట్టె ఉంది.

ఆమె బానెట్ వైపు చూడలేదు.
సీటు కింద దొరికిన ఊలు తొడుగు,
పిల్లలది, ఒక్క చేతిది,
దాన్ని పట్టుకుని యార్డువాణ్ణి అడిగింది:
"ఇందులో ఎవరైనా పోయారా?"
"లేదమ్మా, అందరూ నడిచి ఇంటికెళ్లారు."
అప్పుడు బేరం మొదలైంది.
ఎండ పడమర గోడ ఎక్కేదాకా సాగింది.

పదకొండు రోజులు.
మౌంటులు కోసి, వెల్డు చేసి, మళ్లీ కోశాం.
వైర్లన్నీ ఊడదీస్తే
పెళ్లికూతురు జడ చిక్కుపడ్డట్టు నేలంతా.
పాత ఇంజను నీళ్ల పంపుకని ఒకాయన కొనుక్కున్నాడు,
ఆ డబ్బుతోనే పెట్రోలు పంపు.
అయినా ఆరు వందల బొలివియానోలు బాకీ.
మామ రాసుకోలేదు. ఆమె రాసుకుంది.

ఇంజను మీద ఆమె రెండు చుక్కల సారా చల్లింది,
మరో రెండు నేలతల్లికి.
మామకి మిగిలింది గుక్కెడే.

మొదటి రోజు నేనూ వెళ్లాను.
మలుపు వచ్చింది. రాయి వెతికే ఆమె చెయ్యి
అలవాటుగా తలుపు మీదికి వెళ్లి
ఖాళీగా తిరిగొచ్చింది.

మేం గేటు చేరేసరికి ఎవరూ లేవలేదు.
కాపలాదారు గొంగట్లోంచి తల పెట్టి
"ఏంటి, నిన్నటివా?" అన్నాడు.
ఆమె జవాబివ్వకుండా ఒక రొట్టె అతని చేతిలో పెట్టింది,
అతను రెండు చేతులూ మార్చుకోవాల్సొచ్చింది.

తెల్లారడానికి ఇంకా టైముంది.
ఇంజను ఆపేసింది.
చల్లారుతున్న ఇనుము టిక్కు టిక్కుమంటుంటే
డాష్‌బోర్డు వెలుతురులో నోటుబుక్కు తీసి
ఆరు వందల్లోంచి మొదటి ఇరవై కొట్టేసింది.