గంట తీగ దారి

ఎడిన్‌బరోలో ఆ వీధికి ఎండ కూడా
గంటల లెక్కన అద్దెకొస్తుంది.
పన్నెండో నంబరు ఇంటి నల్ల తలుపు మీద
విసనకర్ర విప్పినట్టు గాజు.
పక్కన ఇత్తడి పలక:
ఒక బీమా కంపెనీ, ఇద్దరు వకీళ్ళు,
మూడో అంతస్తులో, ఏం చేస్తారో ఎవరికీ తెలియని ఒక స్టార్టప్.

నేను కేబుళ్ళు లాగేవాణ్ణి.
భుజాన నీలం తీగ చుట్ట, నడుముకి డ్రిల్లు.
డ్రిల్లు అలంకారానికే.
ఈ ఇంట్లో మేకు కొట్టాలన్నా కౌన్సిల్ కాగితం కావాలి.

మోరాగ్ టెయిట్ గారు టార్చి వేసి పైకప్పు చూపించారు:
ఆ సున్నపు ఆకుల మీద నిచ్చెన నీడ కూడా పడొద్దు.
తలూపాను.
నీడ పడింది. ఆవిడ చూడలేదు.

ఎంత లెక్క తెలిసిన ఇల్లు!
వరసగా మూడు కిటికీలు, అందులో ఒకటి కిటికీ కాదు.
వెనక ఉత్త గోడ, పైన నల్ల రంగు, తెల్ల గీతలు.
వరస చెడకూడదని
చూపు లేని కంటికి కాటుక పెట్టారు.

దొరల అంతస్తులో కిటికీ రెండు నిలువులు,
ఆపైన మనిషంత,
పనిపిల్లలు పడుకున్న అటక మీద
రొట్టె పళ్ళెమంత.
వెలుతురుకీ జీతాల పట్టీ ఉండేదన్నమాట.

నాట్యాలు జరిగిన గదిని గాజు గోడతో రెండుగా కోశారు.
కప్పు నడుమ విరిసిన పువ్వు
సగం హెచ్ఆర్‌కి, సగం మీటింగు గదికి.
వేరుపడ్డ అన్నదమ్ముల్లా ఎవరి రేకులు వాళ్ళవి.
పాలరాతి పొయ్యిలో ప్రింటరు కూర్చుంది.
కాగితం ఇరుక్కున్నప్పుడల్లా కాస్త వెచ్చటి గాలి.
ఆ పొయ్యికి ఇప్పుడు అంతే ప్రాప్తం.

అడుగు నుంచి అటక దాకా తీగ వెళ్ళాలి,
గోడ తొలవకూడదు.
మూడు రోజులు ఆ ఇల్లు నన్ను గుమ్మం గుమ్మం తిప్పింది.
నాలుగో రోజు, పొయ్యి పక్క చెక్కపలక వెనక
వేలు పట్టేంత కన్నం.
అందులో రాగి తీగ ముక్క.

లాగాను.
ఎక్కడో కింద ఏదో కదిలింది.
మోగలేదు. కదిలింది, అంతే.

నేలమాళిగలో సైకిళ్ళ వెనక దొరికింది:
గోడన ఒక పలక, మెలి తిరిగిన స్ప్రింగుల మీద ఏడు గంటలు.
కింద వెలిసిన అక్షరాలు.
భోజనశాల. అమ్మగారి గది.
ఆరోదాని పేరు ఎవరో గోటితో గీకేశారు.

గోడలకు చెవులుంటాయంటారు.
చెవులు సరే, నరాలు కూడా ఉంటాయి.
పైన ఒక చెయ్యి బద్ధకంగా పట్టుతాడు లాగితే
కింద ఒక పిల్ల ఉలిక్కిపడి
పిండి చేతులు తుడుచుకునేది.
హాల్లో వెడల్పాటి రాతి మెట్ల అంచులు ఇంకా పదును.
వీధిలోంచి నేలమాళిగకు దిగేవి మాత్రం
నడుమ గిన్నెల్లా అరిగిపోయాయి,
వానొస్తే గుక్కెడు నీళ్ళు నిలుస్తాయి.
ఆ పిల్లకి ఒక పేరు పెడదామనుకున్నాను.
మానేశాను. పిలిచేవాళ్ళు అప్పుడే చాలామంది.

రాగి ముక్కకే నా నీలం తీగ ముడేసి లాగాను.
జారుకుంటూ పోయింది,
దారి ముందే తెలిసినట్టు.
ఒక్క చిల్లయినా పడలేదని మోరాగ్ గారు మెచ్చుకున్నారు.
చిల్లులు ఎప్పుడో పడ్డాయండీ, అన్నాను తెలుగులో.
ఆవిడ నవ్వి థాంక్యూ అన్నారు.

సాయంత్రం కింద పనిముట్లు సర్దుతుంటే
జేబులో ఫోను వణికింది:
టికెట్ నలభై ఒకటి. మూడో అంతస్తు.
నెట్ రావట్లేదు. అర్జెంట్.

ఏడు గంటల వైపు చూశాను.
ఒక్కటీ కదల్లేదు.
చేతులు తుడుచుకున్నాను, పిండి లేకపోయినా.
హాల్లో వెడల్పాటి మెట్ల మీంచే ఎక్కాను,
నెమ్మదిగా,
నడి మధ్యలో కాళ్ళు వేస్తూ.