ఇత్తడి బిళ్ళ

రాత్రి పదకొండు దాటి
ఓస్ట్రావాలో ఆఖరి ట్రామ్ డిపోకి చేరాక
నా పాత కంప్యూటర్ పనిలోకి దిగుతుంది.
ఎక్కడో ఎవరో పంపిన లెక్క ముక్క,
ఒక ప్రోటీన్ ఎన్ని వంపులు తిరగగలదో,
వంటింటి బల్ల మీద నములుతూ కూర్చుని
తెల్లారేసరికి తిరిగి పంపేస్తుంది.
కూలి లేదు. కరెంటు బిల్లు మాత్రం నాది.

పై అంతస్తు హెర్మీనా అంటుంది:
"ముక్కూ మొహం తెలియనివాణ్ణి పిలిచి
ఇంట్లో పక్క వేశావు, బొహుమీర్.
వాడు బీరువా తెరవడని ఏమిటి నీ ధైర్యం?"

ముప్పై ఒక్క ఏళ్ళు
బొగ్గు గనిలో గాలిని పరీక్షించినవాణ్ణి.
ధైర్యం అన్న మాట వింటే
నా చెయ్యి ఇప్పటికీ దీపం కోసం తడుముకుంటుంది.

తొమ్మిది రోజులు చదివాకే గడప దాటనిచ్చాను.
ఎవరు నడుపుతున్నారు, డబ్బెవరిది,
ప్రోగ్రాం రాత బయటపెట్టారా,
ప్రతి మూట మీదా ముద్ర ఉందా,
ముద్ర చెదిరితే నా యంత్రం తిప్పికొడుతుందా.
అప్పుడు కూడా ఇల్లంతా ఇవ్వలేదు,
వేరే ఖాతా, ఒక మూల గది.
ద్రహొమీరా ఫొటోలున్న వైపు కిటికీ కూడా లేదు.

మేనకోడలు రదానా ఉత్సాహంగా అడిగింది,
సెలవుల్లో బడిలోని నలభై కంప్యూటర్లకీ పెట్టేయనా అని.
అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు వద్దన్నాను.
ముందు హెడ్‌మిస్ట్రెస్‌ని అడుగు.
(అడిగింది. ఆవిడ ఒప్పుకోలేదు. అంతే.)

మార్చిలో ఒక పొద్దున
నా లెక్క పక్కన ఎర్రగా: చెల్లదు.

అదే ముక్కని ఇంకొకరికీ పంపారట,
చిలీలో, పుంటా అరేనాస్ అనే చోట.
మా ఇద్దరికీ పొత్తు కుదరలేదు.
మూడోవారికి పంపారు.
ఆ రెండూ కలిశాయి. నాది విడిగా మిగిలింది.

కోపం వచ్చింది, దాచడమెందుకు.
ఉచితంగా ఇస్తుంటే అనుమానమా,
నన్నా, ఈ వయసులోనా అని
కాఫీ చల్లారేదాకా గొణుక్కున్నాను.

తర్వాత స్క్రూలు విప్పాను.
ఫ్యాన్ నిండా బూడిదరంగు దూది, పిల్లి వెంట్రుకలు.
ఊపిరాడక కాగిపోయి
ఆరో అంకె దగ్గర తడబడింది పాపం.
అబద్ధం కాదు అది, జ్వరం.

చేతిలో బ్రష్‌తో అలాగే ఉండిపోయాను.

ఎవ్జెన్ గుర్తొచ్చాడు.
దీపపు మంట మీద నీలి టోపీ ఎంత ఎత్తుందో
వాడొకసారి చూసి చెప్పాడు, ఫర్వాలేదని.
రెండో దీపం తెస్తానన్నాను.
"నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు.
కలిసి బీరు తాగిన స్నేహం.
సంతకం పెట్టేశాను.

దిగేటప్పుడు మేకు నుంచి ఇత్తడి బిళ్ళ తీసుకుంటాం.
పైకొచ్చాక తిరిగి తగిలిస్తాం.
ఆ సాయంత్రం బోర్డు మీద ఒక మేకు
ఖాళీగానే ఉండిపోయింది.

హెర్మీనాకి ఇదంతా చెప్పలేదు.
ఫ్యాన్ తుడిచి మళ్ళీ బిగించాను.
పిల్లి వచ్చి వెచ్చగాలి దగ్గర ముడుచుకుంది.

నాలుగింటికి మెలకువ వస్తే
బల్ల మీద చిన్న ఆకుపచ్చ వెలుగు.
సముద్రాల అవతల, పేరు తెలియని ఒకరి గదిలో
నా లెక్కని నమ్మకుండా
మళ్ళీ మొదటినుంచి చేస్తూ ఉంటారు.

ఇటు తిరిగి పడుకుంటాను.
నిద్ర పడుతుంది.