అరంగుళం

సుమో నాది. నా చేతికొచ్చేటప్పటికే ముసిల్ది.
సోమవారం, గురువారం తెల్లారుజామున నాలుగింటికి
గ్రీమ్స్‌పేట నుంచి రాయవేలూరికి
రక్తం కడిగించుకునేవాళ్ళను తోలకపోతా.
ముందర ఒకరు, నడిమి సీట్లో ముగ్గురు,
వెనక ఎదురెదురుగా మునికన్నమ్మ, కాశింసాబు.

గుడిపాల దాటినాక రోడ్డు తవ్వి వదిలేసినారు.
గుంటలో చక్రం పడితే
నాకు స్టీరింగులో తెలిసేది,
మునికన్నమ్మకు సూదులు దిగే చేతి నరంలో తెలిసేది.
"నాయనా" అని ఒక్క మాట.
అద్దంలోకి చూడాలంటే భయమేసేది.

షాకబ్జర్లు మార్చాల అనుకున్నా.

తిరపతిలో, రేణిగుంట రోడ్డు అంగట్లో
గాజు బీరువాలో పసుప్పచ్చవి, ఎర్రవి
పెండ్లికొడుకుల మాదిరి నిలబడుండాయి.
"గ్యాసువి సార్, బండి రెండంగుళాలు లేస్తాది,
తలకోన అడివిలో గూడా ఎగరచ్చు" అన్నాడు పిల్లోడు.
నాకు ఎగిరే పని లేదబ్బోడా,
ఎక్కేవాళ్ళకు మెట్టు ఎత్తయిపోతాది గదా అంటే
వాడు ధర తగ్గించినాడు.
నేను అడిగింది ధర గాదు.

ఇంకొకాయన, పేరు చెప్పను, బంధువు వరస,
బండి పైకెత్తకుండానే నాలుగూ పోయినాయన్నాడు.
చెయ్యి పట్టకుండా నాడి చెప్పేవాడి దగ్గర
నేను చెయ్యి చాపను.

మురకంబట్టులో చెంగల్రాయుడు.
బోర్డు లేదు. గోడ మీద సుద్దముక్కతో
ఎవురెంత బాకీయో గాదు,
ఏ బండికి ఏ నట్టు ఏ పొద్దు బిగించినాడో రాసుకోనుండాడు.
వెనక మూల అరిచేత్తో ఒక్క తూరి అదిమి వదిలి
లెక్కబెట్టినాడు: ఒకటి, రెండు, మూడు, మూడున్నర.
"ఒకటిన్నరకు నిలబడాల."
తర్వాత, అంతదాకా ఎవురూ అడగంది అడిగినాడు:
"వెనక ఎవురు కూచుంటారు?"

చెప్పినా.
చేతులు తుడుచుకోని తనే వెనక సీటెక్కి "తోలు" అన్నాడు.
గుడిపాల దాటి పోయి వచ్చినాం.
దిగినాక నడుం పట్టుకోని కొంచేపు మాట్లాడలేదు.

"ముందరివి బాగుండాయి, డబ్బులు దండగ చేసుకోవద్దు.
వెనకవి రెండూ మార్చు. నూనెవే, మెత్తవి.
గట్టివి పరిగెత్తేవాళ్ళకు."
బుష్షు ఒకటి ఊడబెరికి నా చేతిలో పెట్టినాడు.
ఎండాకాలంలో మా అమ్మ మడమ అట్లే పగిలేది.

పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు
ఎముక మీద ఏలు పెట్టి కండ్లు మూసుకుంటారే, అట్ల
బోల్టు బిగిసే చప్పుడు వింటా ఉన్నాడు.
కడాపటి బిగింపు మాత్రం బండి నేలకు దించినాకే.
"ఏలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి చస్తాది.
మోసేటప్పుడే బిగించాల."
పాత సామాను గోనెసంచిలో ఏసి
నా సీటు కింద పెట్టినాడు. "నీ సొమ్ము. చూసుకో."
రసీదు అడగబోయి ఊరకైపోయినా.

గురువారం, నరహరిపేట చెక్‌పోస్టు కాడ
అద్దంలో మునికన్నమ్మ నోరు తెరుచుకోని నిద్ర.
కాట్పాడి బ్రిడ్జి మీద లేచి
"ఏందిరా ఈ పొద్దు ఇంత నిదానం, టైమైపోతాది" అని తిట్టింది.
గడియారం ఎప్పుడూ చూపించేదే చూపిస్తా ఉంది.
ఎడమ తలుపు మాత్రం ఇంకా కిర్రుమంటాది.
అది తన పని గాదంట, కొబ్బరినూనె పొయ్యమన్నాడు.

ఆ సాయంత్రమే అందర్నీ బండిలోనే ఉంచి
టేపుతో కొలిచి గోడ మీద రాసుకున్నాడు.
"వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక రా.
ఉత్త బండి తేవద్దు, ఉత్తగున్నప్పుడు పట్టీలు అబద్ధం చెప్తాయి.
మనుషుల్తో రా."

ఆరు వారాలకు, వేలూరి నుంచి వస్తా వస్తా ఆపినా.
నట్లన్నీ ఇంకో తూరి చూసినాడు.
గొంతుకూచోని చక్రానికీ రేకుకూ నడమ టేపు పెట్టినాడు.
గోడ చూసినాడు. మళ్ళీ పెట్టినాడు.
"అరంగుళం లేచిందే.
పట్టీలు దిగతాయి గానీ, లేవవు."
తల ఎత్తకుండానే అడిగినాడు:
"ఎవురు రాలేదు?"

మునికన్నమ్మ ఎదురు సీటు మీద
తన టిఫిను సంచి సర్దుకునింది.

చెంగల్రాయుడు పాత కొలత తుడపలేదు.
దాని కిందనే కొత్తది రాసినాడు.