సున్నాలూ చదరాలూ

ప్లస్ టూ జువాలజీ, నాలుగో పాఠం.
ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం,
లోపం ఉంటే నలుపు నింపాలి, మోసేవాళ్ళకు సగం.
శెంబగవల్లి టీచరు ఎవరిదో రాజకుటుంబం
బోర్డు మీద మూడు తరాలు గీసి, చెరిపేసి,
"సోమవారానికి మీ మీ ఇళ్ళవి" అంది.

మా ఇంట్లో గీయడానికేముంది?
షుగరు అందరికీ ఉంది గానీ
అది ఇంత తిన్నగా గీతల మీంచి దిగదట.

అప్పుడొచ్చాడు దయాకర్, సంచీ ఊపుకుంటూ.
పండినవి తెమ్మంటే మళ్ళీ అరకిలో పచ్చి టమాటాలు.
"కళ్ళు నెత్తికెక్కాయా!" అమ్మ రోజూ అనేదే.

పాఠంలో చుక్కల బొమ్మ తీసి చూపించాను.
"ఇందులో ఎంతుంది?"
"ఎంతుండడమేంటి, చుక్కలున్నాయి."
పుస్తకం తిప్పి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.
నాకేమో ఏడు,
బిందెతో కుళాయి దగ్గర నిలబడ్డ మనిషంత స్పష్టంగా.

మంచం మీంచి అమ్మమ్మ అంది:
"మునిరత్నం కూడా అంతే. చుక్కలే అన్నాడు."

ఎనభై తొమ్మిదిలో మామయ్య
రైలింజను ఉద్యోగానికి రాసి గెలిచాడు.
పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు
ఒక పుస్తకం పేజీలు తిప్పాడు, అంతే,
మామయ్య ఇంటికొచ్చేశాడు.
ముందురోజు రెండో ఆటకెళ్ళి కళ్ళు పాడుచేసుకున్నాడని
తాత తీర్పు.
క్యారేజీ వర్క్స్‌లో ముప్ఫై ఏళ్ళు రివెట్లు కొట్టిన మనిషి,
పోయేదాకా ఆ సినిమాని క్షమించలేదు.

స్కేలు తెచ్చుకుని కూర్చున్నాను.
తాతకూ అమ్మమ్మకూ మధ్య రెండు గీతలు.
"రెండెందుకే?"
"మేనరికానికి రెండు, అమ్మమ్మా."
మురిసిపోయింది ముసల్ది,
పక్కింటి సెల్వికి కూడా చెప్పింది.
ఆమె సున్నా సగం నింపితే మాత్రం ఏమీ అడగలేదు.

అమ్మ అడిగింది.
"అయితే వీడికి నా వల్లనా?"
"వల్ల అనే మాట ఈ పాఠంలో లేదమ్మా."
చాలాసేపు ఆ టమాటాలే కడిగింది.
రాత్రి వాటితో పచ్చడి.
ఎవరూ వంక పెట్టలేదు.

స్టేషను మెట్ల కింద మామయ్య జిరాక్సు కొట్టు.
'కలర్ ప్రింట్ లేదు' అని అరవంలో అట్ట.
నా కాగితం అద్దం మీద పెట్టబోయి ఆగాడు.
"ఇందులో నేనెక్కడ?"
"ఆ నల్ల చదరం."
"దాని కింద?"
"మన దయాకర్."

వ్యాసర్‌పాడి వైపు బండి ఒకటి పోయింది.
వేలు చాపి సిగ్నలు చూపించాడు.
"అందులో ఏ దీపం వెలిగిందో చూసి రంగు చెప్పేవాణ్ణి.
పైదైతే ఒకటి, కిందదైతే ఒకటి.
ఆ పుస్తకంలో పైనా కిందా లేవు."
తర్వాత, మిషను మూత వేస్తూ,
"ఆ సినిమా బాగుందా అంటే అదీ లేదు."

ఒక కాపీ అడిగితే రెండు తీశాడు.
రెండోది నాలుగు మడతలు పెట్టి
గోడ మీద తాత ఫోటో వెనక్కి తోసి
డబ్బులు తీసుకోలేదు.

ఇక నా సున్నా ఒక్కటే మిగిలింది.
సగమో, ఖాళీయో.
రూపాయి బిళ్ళ ఎగరేసినంత లెక్క,
కింద పడేది మాత్రం ఎప్పుడో,
ఎవరో ఒక పిల్లాడు సంచీ ఊపుకుంటూ వచ్చినప్పుడు.
పెన్సిల్‌తో నింపాను. రబ్బరు పెట్టాను.
కాగితం అక్కడ కాస్త పలచబడింది.

పదికి ఎనిమిదిన్నర వేసింది టీచరు.
సున్నా చుట్టూ ఇంకో సున్నా చుట్టి
'ఇది పూర్తి చేయలేదు' అని రాసింది.
"ఏ సిరారా ఇది?" అన్నాను దయాకర్‌తో, ఊరికే.
వాడు కాగితం వంక చూడనైనా లేదు.
"టీచర్లు ఎర్రదేగా వాడేది."