తొమ్మిదిన్నర తర్వాత కనుమ

గొరోకా హ్యాంగర్ వెనక, కాఫీ బస్తాల మీద కూర్చుని
కౌపా మోండో ప్రతి పాఠమూ ఒకేలా మొదలెడతాడు:
"వీడు నాకంటే బాగా నడిపేవాడు."

అంతే, నా వెన్ను నిటారవుతుంది.
చేతకానివాళ్ల కథలు ఆయన చెప్పడు.

ఇగ్నాస్, రోజూ సీసాలో ఇంధనం పట్టి
ఆకాశానికెత్తి చూసేవాడు.
ఒక్కరోజు చూడలేదు. ఆ రాత్రి డ్రమ్ము మూతమీద వాన.
అడుగున చేరిన నీరు కన్నీటిచుక్కంత.
ఇంజను దాన్ని తాగి, దగ్గి, ఊరుకుంది.

బెన్సన్ ముసలమ్మను తూచాడు, ఆమె భుజాన సంచిని తూచలేదు.
చిలగడదుంపల కింద పందిపిల్ల నిద్రపోతోంది.
తడిగడ్డి, కురచ రన్‌వే, చివర కాఫీతోట.
ముసలమ్మ బతికింది. పందిపిల్లా బతికింది.
బెన్సన్ ఇప్పుడు లే పట్నంలో టైర్లు అమ్ముతాడు,
కొనేవాళ్లను కూడా ఓసారి కిందినుంచి పైకి తూచినట్టు చూస్తాడట.

నవ్వుతాం. ఆయన నవ్వనిచ్చి, నోట్‌బుక్ పేజీ తిప్పుతాడు.
వంగిన ప్రొపెల్లర్ ముక్కే ఆ పేజీలకు బరువు.

యావే. రేడియోలో ఆఖరి మాట,
"ఇంకొక్క మలుపు చూసొస్తా."
"తిప్పుకోవడానికి చోటున్నప్పుడే తిప్పాలి," అంటాడు కౌపా.
"చోటు చాలదని తెలిసేది
చోటు అయిపోయాకే.
తొమ్మిదిన్నర తర్వాత కనుమ ఎవరి మాటా వినదు."

మొన్న మంగళవారం, తొమ్మిదీ నలభై.
వెనక ఇద్దరు టీచర్లు, సుద్దముక్కల పెట్టెలు,
జీతాల సంచి ఒళ్లో పెట్టుకున్న గుమాస్తా.
కనుమలో మబ్బు దిగి
తలుపు కింద వెలుగులా సన్నటి పచ్చటి గీత మిగిలింది.
దూరిపోవచ్చు అనిపించేంత.
కుడివైపు కొండను ఆనుకుని ఉన్నాను,
ఎడమన ఇంకా చోటుంది.
తిప్పేశాను.

గుమాస్తా దారి పొడవునా తిట్టాడు.
మూడు వారాలుగా జీతం లేదు యొంబాయ్‌లో.
ఆయన మాటలో తప్పేం లేదు.

పది నిమిషాల తర్వాత మరో విమానం అదే కనుమ దాటి
సుఖంగా దిగింది.
సాయంత్రం ఆ కుర్రాడు నా ముందే అందరితో అన్నాడు,
"రూతాకు మబ్బంటే సిగ్గు."

కౌపా ఏమన్నా అంటాడేమో అని నిలబడ్డాను.
శభాష్ అనలేదు. సమర్థించలేదు.
"పొద్దున సీసా చూశావా?" అన్నాడు.
చూశాను.
"సరే."

టీ పోయడానికి ఆయన లేచినప్పుడు
గాలికి నోట్‌బుక్ తెరుచుకుంది.
మధ్యలో ఒక పేజీ, చేతిరాత వేరు,
గుండ్రంగా, ఆస్పత్రి నర్సుల రాతలా.
మొదటి వాక్యం చదివాను:
"నేను బాగా నడిపేవాణ్ణి.
చేతులకు కట్లున్నాయి, చెబుతున్నాను, రాసుకో."

ప్రొపెల్లర్ ముక్క మళ్లీ పేజీ మీద పెట్టాను.
ఆ కథ ఆయనే ఎప్పుడో చెబుతాడు.
కప్పులో ఒక చెంచా ఎక్కువ పంచదార వేసి తెచ్చాడు నాకు.